కొత్తిమీర, పుదీన, పుంటికూర: గ్రాముల లెక్కను కప్పుల్లోకి మార్చడం ఎలా

ఒకే కప్పులో కొత్తిమీర 16 గ్రాములూ పడుతుంది, 45 గ్రాములూ పడుతుంది. కప్పు మారలేదు, ఆకు మారలేదు. ఒకసారి తరిగిన ఆకును పైనుంచి రాల్చారు, ఇంకోసారి వేళ్లతో అదిమారు, అంతే. బియ్యానికి, పప్పుకు ఈ తిప్పలు లేవు. సోలతో కొలిచినా తవ్వతో కొలిచినా గింజల మధ్య సందు దాదాపు ఒక్క తీరుగానే ఉంటుంది. ఆకు కప్పులో మాత్రం సగానికి పైగా గాలే. అందుకని "కప్పు కొత్తిమీర అంటే ఇన్ని గ్రాములు" అని ఒకే అంకె చెప్పేవారిని నమ్మొద్దు. ఆకు ఏ స్థితిలో ఉందో ముందు తేలాలి, అంకె తర్వాత.

పచ్చి పులుసు మీద చల్లే కొత్తిమీరకు ఇవేవీ అక్కర్లేదు, చెయ్యి చాలు. సర్వపిండిలో కలిపే కల్యమాకుకూ అంతే. లెక్క నిజంగా కావాల్సింది నిల్వ పచ్చళ్లకు, పొడులకు, ఆకు నూరి వేసే కూరలకు, యాభై వంద మందికి వండే బగారా అన్నానికి. వీటిలో ఆకు ఎక్కువ తక్కువైతే ఉప్పో పులుపో చేదో తేడా కొడుతుంది.

ముందు మీ కప్పు ఎంతో తేల్చుకోండి

వంటింట్లో "కప్పు" అని పిలిచేవి కనీసం మూడు ఉంటాయి. కొలతల సెట్టులో వచ్చే కప్పు 240 లేదా 250 మిల్లీలీటర్లు. రైస్ కుక్కర్‌తో వచ్చేది 160 నుంచి 180. టీ తాగే కప్పు ఇంకా చిన్నది. స్టీలు గ్లాసుకైతే లెక్కే లేదు, ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు.

తేల్చుకునే పద్ధతి ఇది. డిజిటల్ కాంటాను చదునైన బండ మీద పెట్టండి. ఖాళీ కప్పు పెట్టి, టేర్ నొక్కి సున్నాకు తెండి. అంచు వరకు నీళ్లు పోయండి. నీళ్లు ఒక గ్రాము అంటే ఒక మిల్లీలీటరు, కాబట్టి కాంటా మీద 178 కనపడితే అది 178 మిల్లీలీటర్ల కప్పు. ఆ అంకెను కప్పు అడుగున మార్కర్‌తో రాసిపెట్టండి.

చెంచాలకూ ఇదే పని చేయండి. వంటల్లో పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లు, చిన్న చెంచా అంటే 5. మనం అన్నం తినే స్టీలు చెంచా ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఒక్క చెంచా నీళ్లు జోకితే కాంటా సరిగా చూపదు. పది చెంచాలు పోసి, వచ్చినదాన్ని పదితో భాగించండి.

ఇక్కడి నుంచి చెప్పే కప్పులన్నీ 240 మిల్లీలీటర్లవి. మీది 180 అయితే చెప్పిన గ్రాముల్లో ముప్పావు వంతు తీసుకోండి.

కట్టలో ఆకు ఎంత?

కట్ట కొలత కానే కాదు. చలికాలంలో కొత్తిమీర కట్ట గుబురుగా, ఆకు మెత్తగా ఉంటుంది. ఎండాకాలంలో అదే ధరకు వచ్చే కట్టలో కాడలే ఎక్కువ, ఎందుకంటే ఎండ ముదిరితే కొత్తిమీర తొందరగా పూతకు వస్తుంది, ఆకు సన్నబడుతుంది. వానాకాలంలో కట్ట బరువుగా తూగుతుంది గాని అందులో నీళ్లూ ఎర్రమట్టీ కొంత ఉంటాయి. కాబట్టి అంగడి నుంచి తెచ్చిన కట్టను ముందు అట్లనే జోకండి, ఏరిన తర్వాత ఆకును మళ్లీ జోకండి. మూడు నాలుగు సార్లు చేస్తే ఏ కాలంలో ఎంత వ్యర్థం పోతుందో మీకే పట్టు దొరుకుతుంది.

అంచనాకు ఈ అంకెలు పనికొస్తాయి. కొత్తిమీరలో వేర్లు, ముదురు కాడలు తీసేస్తే 100 గ్రాములకు 70 దాకా మిగులుతుంది. లేత కాడలు పారేయకండి, నూరడానికి ఆకు కంటే అవే మంచివి. పుదీన అసలు మోసం: 100 గ్రాముల కట్ట ఏరితే 45 గ్రాముల ఆకు వస్తే గొప్ప. కాడ గట్టిది, నూరినా నార తేలుతుంది, తీసేయాల్సిందే. పుంటికూర, మెంతంకూర కాడలతో కొంటే దాదాపు సగం పోతుంది. కల్యమాకు రెబ్బల నుంచి దూస్తే 80 దాకా వస్తుంది, కొమ్మలతో కొంటే అంతకంటే బాగా తక్కువ.

కడిగిన ఆకును తడి మీద జోకడం అందరూ చేసే పొరపాటు. 100 గ్రాముల కొత్తిమీర కడిగి, రెండుసార్లు విదిలించి జోకితే 120 పైనే చూపుతుంది. పెరిగిందంతా నీళ్లే. పైగా తడి ఆకు ఒకదానికొకటి అంటుకుని కప్పులో ఎక్కువ పడుతుంది. అంటే తడి ఆకును గ్రాముల్లో కొలిస్తే కూరలో ఆకు తగ్గుతుంది, కప్పుల్లో కొలిస్తే పెరుగుతుంది. రెండు వైపులా తప్పే.

వరుస ఇట్లా పెట్టుకోండి: ముందు ఏరండి, రెండు మూడు నీళ్లలో కడగండి. ఆకును నీళ్లలో నుంచి పైకి తీయాలి గాని నీళ్లను వంపొద్దు, వంపితే అడుగున పేరుకున్న మట్టి మళ్లీ ఆకు మీదికే వస్తుంది. చిల్లుల గిన్నెలో పది నిమిషాలు ఉంచి, నూలు బట్ట మీద పలుచగా పరిచి అరగంట నీడలో ఆరబెట్టండి. ఆకు పట్టుకుంటే చేతికి తడి అంటకూడదు. అప్పుడు జోకండి, అప్పుడే తరగండి. తరిగిన తర్వాత కడిగితే వాసన నీళ్లపాలు.

వాడిపోయిన ఆకు ఇంకో చిక్కు. మే నెలలో మన నల్లగొండ, పాలమూరు ఎండకు పొద్దున తెచ్చిన కట్ట మధ్యాహ్నానికే తల వాలుస్తుంది. నీరు పోయింది కాబట్టి కట్ట బరువు తగ్గుతుంది, ఆకు బిగువు పోయి మెత్తబడింది కాబట్టి కప్పులో ఎక్కువ కుక్కుకుంటుంది. వాడిన కొత్తిమీరతో కప్పు నింపితే తాజా ఆకు కంటే బాగా ఎక్కువ పడుతుంది. చల్లటి నీళ్లలో కాడలు మునిగేలా ఇరవై నిమిషాలు నిలబెడితే చాలావరకు తేరుకుంటుంది, ఆ తర్వాతే కొలవండి. తేరుకోకపోతే కప్పు పక్కన పెట్టి కాంటానే వాడండి.

వదులుగానా, నొక్కా?

వదులుగా కొలవడం అంటే: ఆకును కప్పుకు నాలుగు వేళ్ల ఎత్తు నుంచి రాల్చండి. కప్పును తట్టొద్దు, కుదపొద్దు. పైన కుప్పగా లేచినదాన్ని చేత్తో తుడిచేయండి.

నొక్కి కొలవడం అంటే: కప్పు నింపి, వేళ్లతో అదిమి, మళ్లీ నింపి, మళ్లీ అదమాలి. ఎంత అదమాలి అన్నదే తగువు. ఒకరి చెయ్యి బరువు, ఇంకొకరిది తేలిక. తగువు లేకుండా చేయాలంటే కప్పులోకి దిగే స్టీలు గ్లాసులో 200 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఆకు మీద పెట్టి అయిదు అంకెలు లెక్కపెట్టండి. గ్లాసు తీసి, దిగినంత మేర మళ్లీ ఆకు వేసి, ఇంకోసారి అదే పని. ఇట్లా చేస్తే ఇంట్లో ఎవరు కొలిచినా దాదాపు ఒక్కటే వస్తుంది. ఆకు నుంచి రసం ఊరిందంటే మరీ ఎక్కువ నొక్కినట్లు.

ఈ రెండు పద్ధతుల్లో ఏరి, కడిగి, ఆరబెట్టిన ఆకు ఎంత తూగుతుందో చూద్దాం. తరిగిన కొత్తిమీర వదులుగా 16 నుంచి 20 గ్రాములు, నొక్కితే 40 నుంచి 45. తరగని పుదీన ఆకు వదులుగా 14 నుంచి 18, నొక్కితే 30 దగ్గర. దూసిన కల్యమాకు వదులుగా 18 నుంచి 20. దీన్ని నొక్కి కొలవడంలో అర్థం లేదు, ఆకు గట్టిది, అదిమినా మళ్లీ లేస్తుంది. ఒక్కో పెద్ద రెబ్బ రెండు గ్రాముల లోపే కాబట్టి పది పన్నెండు రెబ్బలు దూస్తే కప్పు. మెంతంకూర ఆకు వదులుగా 20 నుంచి 25, నొక్కితే 50. పుంటికూర ఆకు వదులుగా 20, నొక్కితే 45 నుంచి 50. సోయకూర అన్నిటికంటే తేలిక, రెమ్మలుగా వేస్తే కప్పుకు 9 గ్రాములు కూడా కష్టమే.

పెద్ద చెంచాకు సన్నగా తరిగిన కొత్తిమీర రెండు గ్రాములనుకోండి. గుప్పెడు అంటే పెద్దవాళ్ల చేతికి 10 నుంచి 15 గ్రాములు. మీ గుప్పెడు ఎంతో ఓసారి జోకి చూసుకుంటే రోజువారీ వంటకు ఇక కప్పు ముట్టాల్సిన పని లేదు.

తరుగు సన్నబడే కొద్దీ కప్పు బరువెక్కుతుంది. తరగని కొత్తిమీర ఒక కప్పు తీసుకుని సన్నగా తరిగితే అరకప్పు కూడా నిండదు. కాబట్టి వంట చెప్పేవారు "కప్పు తరిగిన కొత్తిమీర" అన్నారా, "కప్పు కొత్తిమీర, తరిగి" అన్నారా గమనించండి. మొదటిది తరిగాక కొలిచింది, రెండోది కొలిచాక తరిగింది. రెండింటి మధ్య ఆకు రెట్టింపు తేడా రావచ్చు. తరుగు సంగతి ఏమీ చెప్పకపోతే వదులుగా కొలిచిన తరుగు అనుకుని మొదలుపెట్టండి. తక్కువైతే తర్వాత కలపొచ్చు, ఎక్కువైతే తీయలేరు.

నూరితే లెక్క మొత్తం మారుతుంది

మిక్సీలో వేసి మెత్తగా నూరితే గాలి అంతా పోతుంది. ఇక ఆకు ముద్ద నీళ్ల లాగే తూగుతుంది: కప్పుకు 220 నుంచి 240 గ్రాములు, పెద్ద చెంచాకు 15. ఒక కప్పు కొత్తిమీర ముద్దకు నీళ్లు పోయకుండా నూరాలంటే వదులుగా కొలిచిన ఆకు పన్నెండు కప్పులు కావాలి. చాలామంది "కప్పు కొత్తిమీర పేస్టు" అని చూసి ఒక కప్పు ఆకు వేస్తారు. కూరలో రంగూ రాదు, వాసనా రాదు, వంట చెప్పినవాళ్లను తిట్టుకుంటారు.

ఆకు నలగడానికి నీళ్లు తప్పవు. 100 గ్రాముల ఆకుకు 30 నుంచి 40 మిల్లీలీటర్లు పోస్తే మిక్సీ తిరుగుతుంది. అప్పుడు వచ్చే 130, 140 గ్రాముల ముద్దలో అసలు ఆకు నాలుగింట మూడు వంతులే. రెండు పెద్ద చెంచాల ముద్ద వేయమన్నచోట మీ ముద్ద పలుచనైతే మూడు వేయండి. అంతకంటే మంచిది ఆకునే గ్రాముల్లో జోకి, నూరి, గిన్నె ఊడ్చి మొత్తం కూరలో వేయడం. చెంచాల గొడవే ఉండదు.

మగ్గితే మిగిలేది

పుంటికూర, చుక్కకూర లాంటి పుల్లటి ఆకులు నూనెలో పడగానే కూలిపోతాయి. పావుకిలో పుంటికూర ఆకు, అంటే నొక్కి కొలిస్తే అయిదారు కప్పులు, మగ్గితే ముప్పావు కప్పుకు దగ్గరగా వస్తుంది. చిన్న గిన్నె పెట్టి, ఆకు పట్టట్లేదని సగం పక్కన పెట్టేవాళ్లుంటారు. అక్కర్లేదు, రెండు గుప్పెళ్లు వేసి మూత పెడితే నిమిషంలో చోటు వస్తుంది.

ఇందులో అసలు సంగతి పులుపు. పుంటికూర మటన్‌లో అరకిలో మాంసానికి 150 నుంచి 200 గ్రాముల ఏరిన ఆకు పడుతుంది. దీన్ని "మూడు కప్పులు" అని గుర్తుపెట్టుకుంటే, వదులుగా కొలిస్తే 60 గ్రాములే వస్తుంది, కూర చప్పగా ఉంటుంది. నొక్కి కొలిస్తే 150. పైగా ఎర్ర కాడ పుంటికూర తెల్ల కాడ దానికంటే పుల్లగా ఉంటుంది, కాబట్టి ఎర్రదైతే 150 దగ్గర ఆగి, రుచి చూసి పెంచండి.

నిల్వ పచ్చడికి కప్పులు అసలు వద్దు. ఉప్పు, కారం, చింతపండు అన్నీ ఆకు బరువును బట్టే పడతాయి. ఆకు తక్కువ పడితే పచ్చడి ఉప్పు కషాయం అవుతుంది, దాన్ని సరిచేయొచ్చు. ఆకు ఎక్కువ పడి ఉప్పు చాలకపోతే బూజు పడుతుంది, అప్పుడు జాడీ ఖాళీ చేయడమే. ఇక్కడ జోకాల్సింది ఏరి, కడిగి, పూర్తిగా ఆరిన ఆకును. కొన్న బరువును బట్టి ఉప్పు వేసేస్తే పోయిన కాడల బరువుకూ ఉప్పు వేసినట్లే.

ఎండిన ఆకుతో

పచ్చి ఆకు మూడు చెంచాలకు ఎండిన ఆకు ఒక చెంచా. పుదీనకూ మెంతంకూరకూ ఈ లెక్క బాగానే నడుస్తుంది. కొత్తిమీరకు నడవదు, ఎండితే దాని వాసన దాదాపు అంతా ఎగిరిపోతుంది, ఎన్ని చెంచాలు వేసినా గడ్డి రుచే.

గ్రాముల్లో లెక్క వేరు. కొత్తిమీర, పుదీన, మెంతంకూర బరువులో నూటికి ఎనభై అయిదు వంతుల చుట్టూ నీరే ఉంటుంది, కాబట్టి 100 గ్రాముల ఆకు ఎండితే 12 నుంచి 15 గ్రాములు మిగులుతుంది. కల్యమాకులో నీరు తక్కువ, 65 వంతుల లోపే. 100 గ్రాములు ఎండితే 35 గ్రాముల పైన వస్తుంది. కల్యమాకు పొడికి "రెండు కప్పుల ఆకు" అంటే పచ్చిది 36 నుంచి 40 గ్రాములు. ఎండాక అదే కప్పుతో కొలవబోతే తప్పుతుంది. ఆకు ముడుచుకుంటుంది గాని పెళుసుగా నిలబడి చోటు ఆక్రమిస్తుంది, కప్పు నిండినా పచ్చిదాంట్లో సగం కూడా తూగదు. పొడి చేసేటప్పుడు పచ్చి ఆకునే జోకి, ఆ అంకెకే మిరపకాయలు, ధనియాలు, ఉప్పు సరిచూసుకోండి.

పది కిలోల బియ్యానికి

ఇంట్లో కిలో బియ్యం బగారాకు ఏరిన పుదీన 20 గ్రాములు, కొత్తిమీర 40 గ్రాములు సరిపోతాయి. కప్పుల్లో చెప్పాలంటే పుదీన వదులుగా కప్పుంపావు, కొత్తిమీర రెండు కప్పుల పైన. పది కిలోలకు పదింతలు అంటే పుదీన పన్నెండున్నర కప్పులు. ఎవరూ అన్నిసార్లు కొలవరు. "మూడు లీటర్ల గంజు నిండా" అని అంచనా వేస్తారు. లెక్క ప్రకారం 240 చొప్పున పన్నెండున్నర కప్పులు మూడు లీటర్లే. కానీ పెద్ద గంజులో పై ఆకు బరువుకు కింది ఆకు అణుగుతుంది, పట్టట్లేదని చేత్తో ఒకసారి కుక్కుతారు కూడా. 200 గ్రాములు పడాల్సిన చోట 350, 400 పడుతుంది. పుదీన అంత పడితే నూనెలో వేగేటప్పుడే నల్లబడుతుంది, అన్నానికి సన్నటి చేదు వస్తుంది, బగారా వాసన బదులు పుదీన వాసనే మిగులుతుంది.

పెద్ద వంటకు జోకడమే. 200 గ్రాముల పుదీన ఆకు రావాలంటే కాడలతో అరకిలో కొనండి. 400 గ్రాముల కొత్తిమీరకు 600. వానాకాలమైతే రెండింటికీ వంద గ్రాములు అదనంగా. కూరగాయలమ్మే వాళ్ల దగ్గర ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాంటాలే ఎక్కువ, కట్టల్ని జోకి ఇమ్మంటే చాలామంది ఇస్తారు.

కాంటా మోసం చేసే సందర్భాలు

ఒక గ్రాము చొప్పున చూపే కాంటా అయిదు గ్రాముల లోపు బరువును నమ్మకంగా చెప్పలేదు. కల్యమాకు రెబ్బలు ఒక్కొక్కటే మెల్లగా వేస్తుంటే కొన్ని కాంటాలు ఆ కొంచెం కొంచెం బరువును గుర్తించవు, సున్నా దగ్గరే ఉంటాయి. దానికి ఉపాయం ఉంది. ఆకు ఉన్న గిన్నె మొత్తం కాంటా మీద పెట్టి టేర్ నొక్కండి, కావలసినంత ఒక్కసారే బయటికి తీయండి. మైనస్ 4 అని చూపితే మీ చేతిలో 4 గ్రాములున్నట్లు.

సీలింగ్ ఫ్యాన్ కింద ఆకు జోకొద్దు. గాలి ఆకును ఎగరగొట్టడమే కాదు, గిన్నె మీద ఒత్తి అంకెను ఊగిస్తుంది. ఆకు ఏరుతూ ఏరుతూ గిన్నెలో వేస్తుంటే రెండు నిమిషాల్లో కాంటా ఆరిపోయి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఏరడం మొత్తం అయ్యాకే పెట్టండి. బ్యాటరీ తగ్గినప్పుడు అంకెలు తేలిపోతాయి, ఒక పాకెట్ ఉప్పు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

బయటి దేశాల వంటలు చేసేటప్పుడు

అమెరికా కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియా కప్పు 250, అక్కడి పెద్ద చెంచా 15 కాదు, 20 మిల్లీలీటర్లు. ఔన్సు అంటే 28 గ్రాముల పైచిలుకు. అమెరికా వాళ్లు "ఒక బంచ్" అంటే మన చిన్న కట్ట చాలదు, రెండు మూడు కలపాల్సి రావచ్చు. అట్లాంటి చోట వాళ్లు గ్రాములు కూడా ఇచ్చారేమో వెతకండి, ఇస్తే కప్పులు చూడకండి.

పట్టికలనూ కళ్లు మూసుకుని నమ్మొద్దు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో తరిగిన పార్స్లీ కప్పుకు 60 గ్రాములని ఉంటుంది. అదే పట్టికలో కొత్తిమీర పావు కప్పుకు 4 గ్రాములు, అంటే కప్పుకు 16. రెండూ చూడటానికి ఇంచుమించు ఒకే తీరు ఆకులు. నాలుగింతల తేడా ఆకులో లేదు, ఎంత సన్నగా తరిగారు, ఎట్లా నింపారు అన్నదాంట్లో ఉంది. పార్స్లీ దొరకక కొత్తిమీర వేసేవాళ్లు కప్పుకు కప్పు మార్చకుండా గ్రాముకు గ్రాము మార్చాలి, కొత్తిమీర వాసన ఘాటు కాబట్టి సగంతో మొదలుపెట్టాలి.

ఇనుము, విటమిన్ల లెక్క కోసం ఆకుకూర కొలిచేవాళ్లకు ఒక మాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికలు పోషక విలువలను 100 గ్రాముల తినదగిన భాగానికి ఇస్తాయి. అంటే కాడలు తీసిన పచ్చి ఆకు. 100 గ్రాములంటే నొక్కి కొలిచిన కొత్తిమీర రెండున్నర కప్పులు, వదులుగా అయితే అయిదారు. పప్పులో వేసే గుప్పెడును చూసి పట్టికలోని అంకె మొత్తం మీ పళ్లెంలోకి వచ్చిందనుకోవద్దు. నలుగురు తినే పప్పులో ఆ గుప్పెడు మనిషికి మూడు నాలుగు గ్రాములే.